మా మిద్దె మీద బావగారి వయసు

నవంబర్ 4, 2020

ఈరోజు ఆఖరి వాయి వేశాను.

పదిహేనో ఏట మా అమ్మ నా చేతికి గరిటె ఇచ్చింది. అప్పటినుంచీ ఇదే పని. కుండ మీద బిగించిన గుడ్డ మీద బియ్యప్పిండి పలచగా తిప్పడం, మూత పెట్టడం, ఆవిరికి ఉడికిన రేకును వెదురుపుల్లతో లేపి తడిక మీద పరచడం, తడికలు మిద్దె మీదికి మోసి ఎండబెట్టడం. మా ఫాన్ రాంగ్ ఊరి ఎండకి బియ్యం రేకులు పూటలో ఎండుతాయి. ఆ పూటంతా మనమూ వాటితోపాటు ఎండుతాం. ఇప్పుడు కుడి మణికట్టు చెంచా పట్టుకున్నా ఒప్పుకోవడం లేదు.

ఇక చాలు. మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టిస్తున్నాం. నా బంగారు ఉంగరాలన్నీ వాటిలోకే వెళ్ళాయి, చేతులు బోసిగా ఉన్నాయి, పోనీ. ఈ డిసెంబర్ ఆఖరులోపు మీటరు తిరగడం మొదలైతే ఇరవై ఏళ్ళు ఒకే ధరకి మన కరెంటు కొంటారట. జనవరి ఒకటి దాటితే ఏం ధరో, అసలు కొంటారో లేదో ఎవరికీ తెలియదు. వీధి వీధంతా ఇనుప గొట్టాలు మోసుకుంటూ పరుగులు పెడుతోంది.

తడికలు పక్కింటి ఆరో వదినకి ఇచ్చేశాను, మా వైపు పుట్టిన వరస లెక్కతోనే పిలుపులు. "మళ్ళీ అడుగుతావేమో" అంది. "అడిగితే చెప్పు తీసుకుని కొట్టు" అన్నాను.

ఇన్నేళ్ళూ ఎండ నా చేత పని చేయించింది. ఇకనుంచి ఎండే పని చేస్తుంది, నేను కూర్చుంటాను.

నవంబర్ 9

మా ఆయన కియెమ్, ముహూర్తాలు పెట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళొచ్చాడు. మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ప్యానెళ్ళకి ఇనుప చట్రం లేపుతున్నాం కదా, అది కప్పు కిందే లెక్కట. ఇంటి తలమీద ఇనుము లేస్తే అది కప్పేనట."

"అయితే?"

"నాకు ఈ ఏడు అరవై రెండు. ఆ వయసువాడు కప్పు లేపకూడదు. లేపితే ఇంట్లో పశువో మనిషో పోతారట."

"మనకి పశువులు లేవు."

"అందుకే భయం" అన్నాడు.

వచ్చే ఏడుదాకా ఆగుదామంటే ధర ఆగదు. ఆ సంగతీ పెద్దాయనే చెప్పాడట, వయసు అరువు తీసుకోమన్నాడు. మంచి వయసున్న మగాడికి ఇల్లు అమ్మినట్టు ఎర్రకాగితం రాసివ్వాలి. ఆయనే యజమానిలా పూజ చేసి కప్పు లేపుతాడు. పని అయ్యాక పైన నాలుగు డబ్బులు వేసి తిరిగి కొనుక్కోవాలి. మా నాన్న కూడా ఇల్లు కట్టినప్పుడు చేపల బుట్టలల్లే ముసలాయన వయసు అరువు తెచ్చుకున్నాడు. ఊళ్ళో అందరూ చేసేదే.

మంచి వయసు ఎవరిదీ అని చూస్తే, మా ఆయన సొంత అన్నదే తేలింది. మూడో బావగారు. మా పంచాంగం ప్రకారం గుర్రం సంవత్సరంలో పుట్టారు, ఇప్పుడు అరవై ఏడు. వజ్రంలాంటి వయసట.

సొంతవాళ్ళే దొరికారు, ఇంతకన్నా ఏం కావాలి.

నవంబర్ 11

బావగారు ఒప్పుకున్నారు. ఆయన భార్య, మా తోటికోడలు అక్క, పోయాక ఒక్కరే రెండు సందుల అవతల ఉంటారు. నోట్లో సిగరెట్టు, పక్కన బియ్యం సారా సీసా, గూట్లో ముసలి పందెం కోడి. అదీ ఆయన కుటుంబం.

"నా వయసు మీకు పనికొస్తుందా? నాకు ఎప్పుడూ పనికి రాలేదు" అని నవ్వారు. మంచివాళ్ళే పాపం.

డిసెంబర్ 18

ఇల్లు అమ్మేశాం. పది వేల డాంగ్‌లకి. ఐస్ కాఫీ ఒకటి రాదు దానికి.

పూజ చేసి, చట్రం లేపి, ప్యానెళ్ళు బిగించేదాకా అసలు యజమానులు ఆ ఛాయలకి రాకూడదని పెద్దాయన మరీ మరీ చెప్పాడు. ఫోన్లు కూడా ఆపేయమన్నాడు, పేరు పెట్టి పిలిస్తే దేవుడికి తెలిసిపోతుందట. సముద్రం ఒడ్డున కాఫీ కొట్లో కూర్చున్నాం ఇద్దరం. కొట్టువాడు మూడుసార్లు టీ నింపి నాలుగోసారి మొహం చిట్లించాడు. మా ఆయనతో ఇంతసేపు ఊరికే కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి అనుకుంటాను. నేను అలలు చూశాను, ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే బావగారు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేనే లేకపోతే మీ పని గోవిందా!" అన్నారు. "కరెంటాఫీసు వాళ్ళొచ్చారు. మీటరు బిగించేసి వెళ్ళారు."

ఈ హడావిడిలో వాళ్ళు చెప్పాపెట్టకుండా ఇంటింటికీ తిరుగుతున్నారట. ఈరోజు తప్పితే మా వీధి వంతు మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారట.

"యజమాని ఎవరని అడిగారు. అగరొత్తులు ఇంకా వెలుగుతున్నాయి. ఇప్పుడే ఇల్లు నాదని దేవుడికి చెప్పాను. ఆ పక్కనే నిలబడి కాదు, మా తమ్ముడిదని ఎలా అంటాను? పూజంతా మంట గలిసిపోదూ?"

"మరి?" అన్నాను.

"నాదే అన్నాను. నా గుర్తింపు కార్డు ఇచ్చాను, బ్యాంకు నంబరు ఇచ్చాను, సంతకం పెట్టాను. పాత బిల్లు ఇంకా మా నాన్న పేరు మీదే ఉంది కదా, ఏ కొడుకైతే ఏంటన్నారు. మీకు ఫోన్ చేస్తే కలవదాయె!"

మా ఆయన బావగారి చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను కోడి కోసి వండాను. నిజమే, ఆయనే లేకపోతే ధర పోయేది. మంచి జరిగింది. పేరుదేముంది, తర్వాత మార్చుకోవచ్చు.

జనవరి 12, 2021

ఎంత కరెంటు పుడుతోందో ఫోన్‌లో బొమ్మ వస్తుంది. పొద్దున పచ్చగీత లేస్తుంది, మధ్యాహ్నం కొండెక్కుతుంది, సాయంత్రం దిగిపోతుంది. మబ్బు వస్తే గుంట పడుతుంది. మునుపు మబ్బు వస్తే మిద్దె మీదికి పరుగెత్తేదాన్ని. ఇప్పుడూ లేచి నిలబడుతున్నాను, నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంటున్నాను.

కూర్చోవడం కూడా నేర్చుకోవాలి కాబోలు.

ఫిబ్రవరి 3

కరెంటు డబ్బు పడిందట. బావగారి ఖాతాలో.

కొత్త ఏడాది పండగ, టెట్, దగ్గరికొచ్చింది. బావగారు "పండగ వెళ్ళనీ, ఇస్తాను" అన్నారు. ఇస్తారు, ఎక్కడికి పోతారు.

నాకేం కోపం లేదు.

ఫిబ్రవరి 8

బావగారు కొత్త పందెం కోడిని కొన్నారు. ఎర్రది. మెడ దగ్గర ఈకలు పీకి, పసుపు రాసి, చంకలో పెట్టుకుని మా వీధిలో తిప్పారు. నా మిద్దె మీద ఎండ ఆయన చంకలో కూస్తోంది.

"ఎంతైంది అన్నయ్యా?" అన్నాడు మా ఆయన.

"అడక్కురా, పండగపూట" అన్నారు.

సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా. కోపం లేదు. ఉన్నమాట రాసుకుంటున్నాను అంతే.

ఫిబ్రవరి 27

ఇల్లు తిరిగి కొనుక్కున్నాం!

పెద్దాయన టెట్ తర్వాత పెట్టిన మంచిరోజు ఇదే. పూజగూటి ముందు బావగారు కూర్చుని, "ఈ ఇల్లు, ఈ మిద్దె, ఈ కప్పు నా తమ్ముడు కియెమ్‌కీ వాడి పెళ్ళానికీ పన్నెండు వేలకి అమ్మేస్తున్నాను, నాకు ఇక ఏ హక్కూ లేదు" అని పెద్దగొంతుతో చెప్పారు. కాగితం కాల్చాం. కాల్చిన పంది తొడ ఆయనకే ఇచ్చాను. మూటగట్టుకుని సారా గుటక వేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండమ్మాయ్" అన్నారు.

సోమవారం కరెంటాఫీసుకి వెళ్ళి పేరు మార్పించుకోవడమే తరువాయి.

మార్చి 1

ఒళ్ళు మండిపోతోంది. కలం కాగితాన్ని చింపేలా ఉంది.

ముగ్గురం వెళ్ళాం. బల్ల వెనక అమ్మాయి మాస్కు పైనుంచి కళ్ళు మాత్రం చూపిస్తూ మర్యాదగానే చెప్పింది.

"పేరు మారిస్తే అది కొత్త ఒప్పందం అత్తా."

"అయితే కొత్తదే రాయి తల్లీ."

"కొత్త ఒప్పందాలకి ఇప్పుడు ధర లేదు. డిసెంబర్‌తో అయిపోయింది కదా."

"అంటే?"

"పేరు మారిస్తే మీ కరెంటు తీసుకుంటాం గాని, డబ్బు ఇవ్వడానికి ఇంకా రూలు రాలేదు. ఈయన పేరు మీదే ఉంటే ఇరవై ఏళ్ళు పాత ధర వస్తుంది. ఏం చెయ్యమంటారు?"

"ప్యానెళ్ళు నావి. ఉంగరాలు నావి. మిద్దె నాది. ఈయన ఊరికే వయసు అరువిచ్చాడు!" అన్నాను.

ఆ అమ్మాయి కళ్ళతోనే నవ్వింది. "మా నాన్న కూడా మా మేనమామ వయసు తెచ్చుకున్నాడు అత్తా. కానీ మా ఫారంలో దానికి గడి లేదు."

దేవుడి దగ్గర పేరు మారింది, కరెంటాఫీసులో మారలేదు. ఇంత పెద్ద దేవుణ్ణి పన్నెండు వేలకి ఒప్పించగలిగాం, ఒక్క కంప్యూటర్‌ని ఒప్పించలేకపోయాం. ఎండని ఇమ్మన్నారు, ఇచ్చాం. త్వరగా రమ్మన్నారు, చెప్పులు చేతబట్టుకుని వచ్చాం. ఆ త్వరలో ఎవరి పేరు ఎక్కిందో చూసే తీరిక వాళ్ళకీ లేదు, మాకూ లేదు. ఇప్పుడు ఆ పేరే రాజు!

బావగారు బయటికొచ్చాక సిగరెట్టు వెలిగించి, "మనలో మనకి పేరేంటమ్మా. పడగానే తెచ్చి నీ చేతిలో పెడతాను" అన్నారు. మొహంలో చిన్న వెలుగు కనబడింది నాకు. మా ఆయనకి కనబడలేదట.

మార్చి 2

కోపం లేదు అని ముందు రాసినవన్నీ అబద్ధం.

మార్చి 20

బావగారు సగం తెచ్చారు.

"మిగతా సగం?" అన్నాను. మా ఆయన నా కాలు తొక్కాడు.

బావగారు మోకాలు తడుముకున్నారు. "అమ్మాయ్, నీకు చెప్పలేదు గాని, మీ కప్పు లేపినప్పటినుంచీ నా మోకాలు పట్టేసింది. కోడి కూడా ఓడిపోయింది. వయసు ఊరికే రాదు కదా, అరిగిపోతుంది. నా అదృష్టమంతా మీ మిద్దె తాగేస్తోంది. దానికి ఏదో కొంచెం..."

"కోడి ఓడిపోయింది కోడి వల్ల!"

"దియెప్!" అని మా ఆయన నా పేరు పెట్టి అరిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పేరుతో పిలిచాడు, అదీ వాళ్ళన్న కోసం.

ఏప్రిల్ 6

ఈ నెల అసలేమీ తేలేదు. కొత్త ఫోన్ కొనుక్కున్నారు. అందులో పచ్చగీత పెట్టించుకుని కాఫీ కొట్లో అందరికీ చూపిస్తున్నారట. "మా ప్యానెళ్ళు" అంటున్నారట. ఆరో వదిన చెవిన పడి నా చెవిన వేసింది.

మా ప్యానెళ్ళు!

ఏప్రిల్ 7

గిన్నె దానంతటదే కింద పడింది. మూడుసార్లు.

ఏప్రిల్ 9

మా ఆయనతో మాటలు లేవు. ఉన్నవి ఇవే:

"నువ్వు అడుగు."

"పెద్దాడిని ఎలా అడగనే? నన్ను భుజాల మీద మోసి పెంచాడు."

"అయితే ఇప్పుడు నువ్వు మొయ్యి. నన్నెందుకు మొయ్యమంటున్నావు?"

"ఇస్తాడు. మనసు కరుగుతుంది."

"ఎండకి ఇనుమైనా కాగుతుంది గాని మీ అన్న మనసు కరగదు."

ఇంట్లో బియ్యానికి చూసుకోవాల్సి వస్తోంది. ఉంగరాలు లేవు, రేకులు లేవు, కూర్చోవడమూ లేదు. మళ్ళీ రేకులు వేద్దామంటే ఎండ పడే చోటంతా ప్యానెళ్ళు కప్పేశాయి. పెరట్లో పొద్దంతా నీడ. నా ఎండ నా మిద్దె మీదే ఉంది, నా చేతికి మాత్రం అందడం లేదు. ఎక్కడైనా ఉందా ఈ అన్యాయం? కూర్చుని ఎండని అద్దెకిచ్చానా, అద్దె పొరుగువాడు తీసుకుంటున్నాడా?

ఏప్రిల్ 11

ఆరో వదిన దగ్గరికి వెళ్ళి తడికలు అడిగాను.

ఆమె లోపలికెళ్ళి చెప్పు పట్టుకొచ్చింది. చూపించి కింద పడేసి, "తడికలు అవిగో, తీసుకో, నా చేతే మోయించకు" అంది. ఆరిపోయిన పొయ్యి మా పెరట్లోనే ఉంది. బియ్యం నానబోశాను.

ఏప్రిల్ 12

తెల్లారగానే రేకులు వేయడం మొదలుపెట్టాను. మణికట్టు ఏడ్చింది, ఏడవనిచ్చాను. ఆరో వదిన తడికలు అందించింది. చట్రం ఒకవైపు నడుం ఎత్తు, ఇంకోవైపు భుజం ఎత్తు. తడికలు ఆనించడానికి ఇంతకన్నా మంచి బల్ల ఉండదు. ఒక్కొక్క ప్యానెల్ మీద ఒక్కొక్క తడిక పరుచుకుంటూ పోయాను. నువ్వులు చల్లినవి ఒక వరస, కొబ్బరివి ఒక వరస. నల్లటి అద్దం అంతా తెల్లటి రేకులతో కప్పేశాను.

కింద అద్దం వేడి, పైన ఎండ. ఇంత చక్కగా నా జన్మలో ఎండలేదు! మధ్యాహ్నానికల్లా టకటకలాడాయి.

ఫోన్ చూశాను. పచ్చగీత పడుకుంది.

ఏప్రిల్ 13

వచ్చారు. వస్తారని తెలుసు. పచ్చగీత ఆయన ఫోన్‌లోనూ పడుకుంది కదా.

మెట్లెక్కుతూనే అరుపు. "ఏమైంది, ఏమైంది నా ప్యానెళ్ళకి?" మిద్దె మీదికొచ్చి చూసి, నోరు తెరిచి అలాగే నిలబడ్డారు. దగ్గు తెర వచ్చింది. తగ్గేదాకా ఆగాను. నేను చేతిలో తడిక దించలేదు.

"తడికలు తియ్యి అమ్మాయ్."

"రేకులు ఎండాక తీస్తాను బావగారూ."

"ఎప్పటికి ఎండుతాయి?"

"ఇరవై ఏళ్ళు పడుతుంది."

"ఎగతాళిగా ఉందా నీకు? ఇవి నా పేరు మీద ఉన్నాయి!"

"ఉన్నాయి. ఎవరు కాదన్నారు? ప్యానెళ్ళు మీవి. మరి మిద్దె ఎవరిది?"

ఆయన జేబులో సిగరెట్టు వెతుక్కున్నారు.

"మొన్న పూజగూటి ముందు కూర్చుని మీ నోటితో మీరే అమ్మారు. ఇల్లు, మిద్దె, కప్పు, ఇక నాకు ఏ హక్కూ లేదన్నారు. మీ అమ్మా నాన్నల ఫొటోల ముందు అన్నారు. పంది తొడ తిన్నారు. మరి మీ ప్యానెళ్ళు నా మిద్దె మీద ఎందుకున్నాయి? తీసుకెళ్ళండి. మీ కోడిగూటి మీద పెట్టుకోండి!"

"ఒరే కియెమ్! నీ పెళ్ళాం..."

మా ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు, సగం పైన, సగం కింద. ఆయన బతుకంతా అక్కడే. కానీ ఈరోజు ఏ పుణ్యదినమో గాని, పైకెక్కాడు. ఒక తడిక అందుకుని, ఖాళీగా మిగిలిన ఆఖరి ప్యానెల్ మీద జాగ్రత్తగా పరిచాడు. తిరిగి మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

బావగారు తమ్ముణ్ణి చూశారు. కూలబడినట్టు పిట్టగోడ మీద కూర్చున్నారు. నీళ్ళిచ్చాను. కోపం వేరు, నీళ్ళు వేరు. పక్కనున్న తడిక మీంచి ఒక రేకు విరిచి నమిలారు.

"ఉప్పు తక్కువ" అన్నారు.

"మీకు చాలు అంతే."

రేకు మింగి, "డబ్బు కోసం కాదంటే నమ్ముతావా?" అన్నారు.

"నమ్మను."

"నమ్మకు, డబ్బు కోసమే. ఎన్నడూ చూడనిది వచ్చి ఒళ్ళో పడింది, వదలబుద్ధి కాలేదు. కానీ ఒక్కటి చెప్పు. మీ అక్క పోయాక మీరిద్దరూ నా గుమ్మం తొక్కింది ఎప్పుడు? టెట్‌కి వచ్చి, నిలబడి, వెళ్ళారు. ఇప్పుడు చూడు, నెలనెలా వస్తున్నారు. మొత్తం ఇచ్చేస్తే మళ్ళీ టెట్‌కే కదా."

తడిక మీద ఖాళీ చోటు చూపించాను.

"బ్యాంకు కార్డు ఇక్కడ పెట్టండి" అన్నాను.

"పెడితే?"

"రెండుపూటలా ఇక్కడికి రండి. ఉన్నది తినండి."

జేబులోంచి తీసి తడిక మీద, రేకుల మధ్య పెట్టారు. "చేపల పులుసు ఉందా ఇవాళ?" అన్నారు నిమ్మకి నీరెత్తినట్టు. సిగ్గు లేని మనిషి!

తడికలు తీశాను. పచ్చగీత లేచింది.

ఏప్రిల్ 15

రెండుపూటలా రమ్మన్నాను. మూడు పూటలు వస్తున్నారు. పులుసులో పులుపు తక్కువంటారు, అన్నం మెతుకు విడలేదంటారు. తిన్నాక నా అరుగు మీదే సిగరెట్టు. సారా సీసా కూడా ఇక్కడికే చేరింది. ముల్లు పోయి కత్తి వచ్చిందని నేను అంటే మా ఆయన నవ్వుతున్నాడు. చాలా రోజులకి నవ్వాడు.

డబ్బు మాత్రం మొత్తం నా చేతికొస్తోంది. నేను గెలిచాను. గెలిచినవాళ్ళు ఇంతేసి గిన్నెలు తోముతారా అని అడక్కూడదు.

ఏప్రిల్ 20

బజారుకి వెళ్తూ కరెంటాఫీసులో ఆగాను. ఆ కళ్ళతో నవ్వే అమ్మాయే ఉంది. ఊరికే, మాటవరసకి అడిగాను.

"అమ్మాయీ, ఆ పేరున్న మనిషి పోతే ఏమవుతుంది?"

"ఏం, ఒంట్లో బాలేదా అత్తా?"

"బానే ఉన్నాడు. రాయిలా ఉన్నాడు. ఊరికే అడుగుతున్నా."

కంప్యూటర్ నొక్కి చూసింది. "ఆయన పోతే ఆ ఒప్పందం ఆయనతోనే పోతుంది. వారసులు కొత్తది రాసుకోవాలి. ఇప్పటికైతే రూలు అదే."

"కొత్తదానికి ధర..."

"లేదు" అంది పాపం, తనదే తప్పన్నట్టు.

అరవై ఏడు. ఇరవై కలిపితే ఎనభై ఏడు. ఆ సిగరెట్లకీ, ఆ సారాకీ, ఆ దగ్గుకీ ఎనభై ఏడు! ఇరవై ఏళ్ళు ఇస్తామన్నారే, ఎవరి ఇరవై ఏళ్ళో ఒక్కడైనా చెప్పాడా? ఇనుప చట్రానికి గ్యారంటీ రాసిచ్చారు, అద్దానికి గ్యారంటీ రాసిచ్చారు. మా బావగారికి ఎవడు రాసిస్తాడు?

బజారులో నిలబడిపోయాను. ఏం కొనడానికి వచ్చానో మర్చిపోయాను. ఉప్పులేని వంటకి ఏమేం కావాలో కొనుక్కుని వచ్చాను.

ఏప్రిల్ 22

సారా సీసా పెరట్లో పారబోశాను.

"ఏం చేస్తున్నావే!" బావగారు కుర్చీలోంచి లేచారు.

"మీ ఆరోగ్యం కోసం."

"నా ఆరోగ్యంతో నీకేం పని?"

"నాకు కాక ఇంకెవరికి?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. కళ్ళు తుడుచుకుని, "మీ అక్క కూడా ఇలాగే పారబోసేది" అన్నారు.

సిగరెట్టు పెట్టె లాక్కున్నాను. చిన్నపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గెందుకు? నేనేం తప్పు చేశాను? మంచే చేశాను. ఏ కారణంతో చేస్తే ఏం, ఊపిరితిత్తులకి కారణాలు తెలుస్తాయా?

ఏప్రిల్ 24

బావగారికి పొద్దున గంజి, పెసలు. మధ్యాహ్నం ఉడికించిన చేప. సాయంత్రం సముద్రం దాకా నడక, పక్కన మా ఆయన, వెనక నేను. మధ్యలో ఆగి ఆయాసపడితే నా గుండె ఆగుతుంది. తనకి ఎప్పుడైనా ఇంత చాకిరీ చేశానా అని మా ఆయన అడిగాడు. "నీ పేరు మీద ఏముంది గనక" అన్నాను.

కూర్చుంటాననుకున్నాను ఎండ మీద భారం వేసి. ఇంకా కూర్చోలేదు.

ఏప్రిల్ 26, పున్నమి

పూజగూట్లో పళ్ళు, పూలు పెట్టాను. బావగారు భోంచేసి అరుగు మీద నిద్రపోతున్నారు. గురక వినబడుతోంది, వినబడినంతసేపు నయం. ఒకసారి గురక ఆగింది. అగ్గిపుల్ల చేతిలో కాలుతుండగానే పరుగెత్తాను. పక్కకి తిరిగి పడుకున్నారు అంతే. వేలు కాలింది. దుప్పటి కప్పి వచ్చాను. మొన్నటిదాకా ఈ మనిషి బస్సు కింద పడితే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నానో ఆ ఫొటోల్లోని అత్తగారికీ మామగారికీ తెలుసు. అందుకే వాళ్ళ మొహం చూడలేకపోయాను.

మూడు అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టాను. పైకే అన్నాను, వాళ్ళకి వినబడాలని.

"అత్తయ్యా, మామయ్యా, మా బావగారిని చల్లగా చూడండి. వయసు అరువు తెచ్చుకున్నది నేనే. కాగితం కాల్చి తీరిపోయిందనుకున్నాను, తీరలేదు. ఆయనకి దగ్గు రానివ్వకండి. మెట్ల మీద జారనివ్వకండి. ముందు ఇరవై ఏళ్ళు ఇవ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."